చెరిపిన ఆకుల కట్ట

రాజుగారి లేఖశాలలో ఒక నియమం ఉండేది. రాజు చెప్పిన శాసనాన్ని లేఖకురాలు తాటాకు మీద రాసేది. ఆయన మాట మార్చినప్పుడల్లా కొత్త ఆకు తీసేది. "వెనక్కి" అంటే అంతకుముందు రాసిన ఆకు అందించేది. సాయంత్రం తలుపులు మూసేటప్పుడు మాత్రం చివరి ఆకు ఒక్కటే ఉంచి, తక్కినవన్నీ పొయ్యిలో వేయాలి. మర్నాడు "వెనక్కి" అన్నా వెనక ఏమీ ఉండదు.

"రాజన్నవాడికి నిన్నటి తడబాటు ఉండకూడదు" అనేవాడు రాజు.

ఒకసారి ఆయన ముందురోజు కొట్టేయించిన ఒక మంచి మాట కోసం మూడు రోజులు తడుముకున్నాడు. దొరకలేదు. అది చూశాక లేఖకురాలు ఆకులు కాల్చడం మానేసింది. ఎవరికీ చెప్పకుండా, వరస తప్పకుండా తాడుకు గుచ్చి పెట్టెలో దాచేది.

ఆ ఏడాది కాలువ నీటి వంతుల శాసనం మొదలైంది. రెండోరోజు కాలువ కొసనున్న ఊరి పెద్ద సభకొచ్చి, "ప్రభూ, మీ మాటల్లో ఉన్న తడి మా మళ్ళలో లేదు" అన్నాడు. రాజుకు ఒళ్ళు మండింది. ఆ ఊరి పేరే తీసేయించాడు. తర్వాత మూడు రోజులూ మిగతా ఊళ్ళ వంతులు దిద్దుతూ పోయాడు.

ఐదోరోజు, ముద్ర వేసే వేళకు, ఆ ఊరి పెద్దమనిషి కూతురు వచ్చింది. వాడిన నారు పిడికెడు ఆయన ముందు పెట్టింది.

"ఇంకో వారం ఆగదు ప్రభూ" అంది.

రాజు చాలాసేపు ఆ నారు వంక చూశాడు. "వీళ్ళ వంతు మళ్ళీ రాయి" అన్నాడు.

"ఎన్ని రోజులు? ఎవరి వంతులోంచి?" అని మంత్రి అడిగాడు. రాజుకు గుర్తు లేదు. సభలో ఎవరికీ గుర్తు లేదు.

లేఖకురాలు పెట్టె తెచ్చి కట్ట విప్పింది. "నియమం తప్పాను ప్రభూ."

"ఆ సంగతి తర్వాత. వెనక్కి" అన్నాడు రాజు.

ఆమె ఒక్కో ఆకూ వెనక్కి తిప్పుతూ చదివింది. ఒకచోట ఆగింది. "చదువు" అన్నాడు రాజు.

"కొస ఊరివాళ్ళు ఎండితేగాని లొంగరు. వాళ్ళ రెండు రోజుల నీరు నా పూలతోటకు మళ్ళించండి."



"ఇది నేనన్నానా?"

"తమ మాటే ప్రభూ."

"ఆ ఆకు చింపెయ్."

"చింపితే దీని వెనక ఏముందో, తర్వాత ఏం మారిందో ఎవరికీ తెలియదు. వరస తెగిపోతుంది."

రాజు తల వంచుకున్నాడు. "ఇంకొకటి వెనక్కి" అన్నాడు. అక్కడ కొస ఊరి వంతు చెక్కుచెదరకుండా ఉంది.

"ఇక్కణ్ణుంచి కొత్తగా రాస్తే, తర్వాతి మూడు రోజుల దిద్దుబాట్లు చెల్లవు ప్రభూ" అంది లేఖకురాలు.

"పోనీ. మళ్ళీ కూర్చుందాం."

ఇంకో రెండు రోజులు కూర్చున్నారు. తోట ఎండింది. నారు బతికింది. లేఖకురాలికి శిక్ష పడలేదు, మెప్పూ దక్కలేదు. ఆకులు మాత్రం ఇక కాల్చవద్దని ఆజ్ఞ అయింది.

ఆ తర్వాత రాజు శాసనం చెప్పేటప్పుడు ప్రతి మాటకు ముందూ కాసేపు ఆగేవాడు. మిగిలిన ఏడాదంతా కలిపి నాలుగు ఆకులే మారాయి.