ఊదారాళ్ల సందు

అనగనగా ఒక అడవిలో, గుట్టలన్నీ రాళ్లే అయిన చోట, గండయ్య అనే ఏదుపంది ఉండేవాడు. మిగతా ఏదుపందులు బొరియలోకి దుంపలు తెచ్చుకుంటే గండయ్య రాళ్లు తెచ్చుకునేవాడు. మామూలు రాళ్లు కావు. పలుగురాళ్లు, కాకిబంగారం రేకులు, తేనెరంగు రాళ్లు. వాటిని గోడ వెంట వరసగా పేర్చేవాడు. ఎవరైనా ముట్టుకుంటే ముళ్లు నిక్కబొడిచేవాడు.

ఒకరోజు ఆరు పలకల ఊదారంగు రాయి తెచ్చాడు. అడవంతా వచ్చి చూసింది. అతని భార్య గంగులమ్మకు ఓబులు అని ఒక తమ్ముడు. వాడికీ రాళ్ల పిచ్చే.

"ఎక్కడ దొరికింది బావా?" అన్నాడు ఓబులు.

"అడవిలో."

"చోటు చెప్తే నీ ముల్లేమైనా ఊడుతుందా?"

"ముల్లు ఊడదు బామ్మర్దీ. రాళ్లు ఊడతాయి," అన్నాడు గండయ్య.

ఆ చోటు మొండిగుట్ట వెనక ఉన్న రాతిసందు. లోపల గోడలన్నీ ఊదారాళ్లే. గండయ్య ఒక రాయి ఊడదీసి, కింద వాగులో కడిగి, మళ్లీ పైకి వచ్చి సందుకు బండ అడ్డం పెట్టేవాడు. ఆ బండను బయటి నుంచి పక్కకు దొర్లించాలి. లోపలి నుంచి తోస్తే ఇంకా బిగుసుకుంటుంది.

ఒక ఉదయం వాగు నుంచి తిరిగొచ్చేసరికి జింకలు గుట్ట ఎక్కుతున్నాయి. చూస్తాయేమోనని గండయ్య గబగబా బండ దొర్లించేశాడు. లోపల ఏదో టక్కుమంది. రాయి రాలిందనుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం గంగులమ్మ అడిగింది. "ఏమయ్యా, తమ్ముడు పొద్దున నీ వెనకే వచ్చాడట. కనబడ్డాడా?"

"లేదే. నేను వాగు అవతలికి పోయాను."

ఆ మాట అంటూనే గండయ్యకు ఆ టక్కుమన్న చప్పుడు గుర్తొచ్చింది. తను వాగుకు దిగినప్పుడు ఓబులు సందులోకి దూరాడన్నమాట. 'చెప్తే అందరూ పరుగెత్తుతారు. చోటు తెలిసిపోతుంది. రేపు నేనొక్కడినే పోయి బయటికి తీస్తాను,' అనుకున్నాడు.

తెల్లారేసరికి అడవికి పెద్దయిన ఉడుము అందరినీ వెంటేసుకుని వచ్చింది. "నువ్వు పోయిన దారి నీకే తెలుసు. ముందు నడువు గండయ్యా," అంది. తన అబద్ధానికి తనే దారి చూపించాల్సి వచ్చింది. రోజంతా వాగు అవతల పొదలన్నీ వెతికించాడు. రాత్రి కూడా వాళ్లు బొరియ చుట్టూనే ఉండటంతో ఒంటరిగా గుట్టకు పోలేకపోయాడు.

రెండో రోజు ఉడుము అడిగింది. "ఇంకెటైనా పోయావా?"

"లేదు."

మూడో రోజు గంగులమ్మ కాళ్ల మీద పడింది. "ఇంకెక్కడైనా వెతకాలంటే చెప్పయ్యా. నాకున్నది వాడొక్కడే తమ్ముడు."

మాట నాలుక దాకా వచ్చింది. గండయ్య గోడ వెంట మెరుస్తున్న రాళ్లవైపు చూశాడు. "లేదే," అన్నాడు.

నాలుగో రోజు వెతికేవాళ్లు అలసిపోయి ఇళ్లకు పోయారు. గండయ్య గుట్టకు పరుగెత్తి బండ దొర్లించాడు. ఓబులు బండకు ఆనుకునే పడి ఉన్నాడు. సగం ముళ్లు విరిగాయి. రాతిని కొరికి కొరికి పళ్లు అరిగిపోయాయి. గోడ నుంచి ఒక్క ఊదారాయి కూడా ఊడదీయలేదు.

"ఇక్కడికా వచ్చేవాడివి?" అని వెనక నుంచి వినిపించింది. అతను పరుగెత్తడం చూసి వెంబడించిన గంగులమ్మ.

"చోటు తెలిసిపోతుందని..."

"మొదటిరోజే చెప్తే వాడు బతికేవాడు."

ఆమె గుట్ట మీద నిలబడి అడవినంతా పిలిచింది. అందరూ ఆ సందులోకి వచ్చి ఓబులును మోసుకెళ్లారు. ఆ రాళ్లను ఎవరూ కన్నెత్తి చూడలేదు. గంగులమ్మ అటునుంచి అటే పుట్టింటివాళ్ల బొరియకు వెళ్లిపోయింది. గండయ్య పిలవబోయాడు. ఏమని పిలవాలో తెలియలేదు.

నీతి: ఒక ప్రాణం ఆపదలో ఉందని తెలిసీ గుట్టు దాచేవాడు, ఆ ప్రాణం తీసినవాడితో సమానం.