మోకాటి లోతు చెలమ

ఇటు సముద్రం, అటు ఉప్పుటేరు, నడుమ సన్నగా పొడుగ్గా పడుకున్న ఇసకతిప్ప. గవర్నమెంటువాళ్ళు దాన్ని పార్కు చేశారు. సరుగుడు చెట్ల కింద బెంచీలు వేశారు, లాంచీ ఆగడానికి జెట్టీ కట్టారు, వచ్చినవాళ్ళు చూసి మురవడానికని ఎక్కణ్ణించో చుక్కల జింకల్ని తెచ్చి వదిలారు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, నోట్లో పోసుకోడానికి చుక్క లేదు. అందుకని ఒక సిమెంటు తొట్టి కట్టి, లాంచీలో డ్రమ్ములతో మంచినీళ్ళు తెచ్చి జంతువుల కోసం నింపేవారు.

ఆ తిప్ప మీద సన్యాసమ్మ అని ఒక గాడిద ఉండేది. పార్కు కట్టేటప్పుడు సిమెంటు బస్తాలు మొయ్యడానికి దాన్నీ, దాని మొగుణ్ణీ తెచ్చారు. పని అయ్యాక గాడిదల్ని లాంచీ ఎక్కించడం ఎవరి వల్ల అవుతుందని వదిలేసి పోయారు. అప్పటికి తొట్టి లేదు. మొదటి ఎండాకాలం ఇద్దరికీ నాలికలు పిడచగట్టాయి. మొగుడు ఇసకలో గొయ్యి తవ్వాడు. నీళ్ళు పడ్డాయి, తియ్యగానే ఉన్నాయి, కానీ గుక్కెడే. ఆగలేక ఇంకా తవ్వాడు. అడుగునున్న ఉప్పునీళ్ళు పైకి తన్నుకొచ్చాయి. దాహం మీదున్నవాడు రుచి చూస్తాడా, కడుపునిండా తాగాడు. మర్నాడు లేవలేదు.

సన్యాసమ్మకి ఏడుస్తూ కూర్చునే తీరిక లేదు. పక్క దిబ్బ మొదట్లో ఇంకో గొయ్యి తవ్వుకుంది. ఇసక తాగిన వాన నీళ్ళు పైన ఉంటాయి, సముద్రం నీళ్ళు కింద ఉంటాయి. మోకాటి లోతు తవ్వి ఊరుకుంటే మెల్లగా తీపి నీళ్ళు ఊరతాయి. తాగాలి, మళ్ళీ ఊరేదాకా ఆగాలి. దానికి వచ్చిన విద్య అదొక్కటే.

తొట్టి వచ్చాక మిగతావాళ్ళంతా అటే పోయారు. సన్యాసమ్మ మాత్రం ఆ నీళ్ళు డ్రమ్ము కంపు కొడతాయని తన చెలమ తను తవ్వుకునేది. దానికి ఇసక పిచ్చి పట్టిందని జింకలు నవ్వుకునేవి.

ఓ ఎండాకాలం తుపాను వచ్చింది. కుండపోతగా కురిసింది, కురిసిందంతా ఇసక పీల్చేసింది. జెట్టీ సగానికి విరిగింది. లాంచీ రావడం మానేసింది. తుపాను వెలిశాక కాసిన ఎండలకి తొట్టి ఎండిపోయి అడుగున తెల్లటి చార మిగిలింది. అప్పుడు నవ్వినవాళ్ళంతా తలలు దించుకుని సన్యాసమ్మ ముందు నిలబడ్డారు. మొగలి పొదల పక్కన చెలమ తవ్వి, తొక్కుకోకుండా వరసలో రమ్మంది. తవ్వినవాళ్ళే ముందు ఒక గుక్క తాగి రుచి చూడాలని రూలు పెట్టింది. ఆ తర్వాత పిల్లలున్న తల్లులు, ఆ తర్వాత ఎవరైనా.

ఇదంతా సాఫీగా సాగేదే, గంగులు లేకపోతే.

గంగులు నక్క. వేటాడటం వాడికి చేతకాదు, ఎప్పుడూ అవసరం పడలేదు. పార్కుకి వచ్చినవాళ్ళు పారేసిన బిరియానీ బొమికలు, చిప్స్ పొట్లాలు, వాటితోనే పెరిగాడు. లాంచీ ఆగిపోయేసరికి వాడి పొట్ట వెన్నుకి అంటుకుంది. పాపం ఆకలే. కానీ ఆకలేస్తే అందరూ తిండి వెతుక్కుంటారు, వీడు దారి కాసే పని వెతుక్కున్నాడు. తిప్పంతటికీ బలమైనవాడు బైరాగి అనే అడవిపంది. వాడి కాడికెళ్ళి, బావా, నువ్వంతటివాడివి జింకల వెనకాల వరసలో నిలబడటమేంటి అన్నాడు. బైరాగికి కండ తప్ప ఇంకేమీ లేదు. వెళ్ళి చెలమకి అడ్డంగా పడుకున్నాడు.

ఆ రోజు నించి ఊరికే తాగడం బందైపోయింది. కొంగ వస్తే గంగులుకి చేప పెట్టాలి. నీటిపిల్లి వస్తే పీత పెట్టాలి. సన్యాసమ్మ తిప్ప చివరికి పోయి ఇంకో చెలమ తవ్వితే, డెక్క గుర్తులు పట్టుకుని అక్కడికీ వచ్చారు. బైరాగి అందులో పొర్లి బురద చేసి పోయాడు. ఎన్ని తవ్వినా అదే గతని సన్యాసమ్మకి అర్థమైంది.

ఒక మధ్యాహ్నం పైడమ్మ అనే జింక వగరుస్తూ దాని కాడికి వచ్చింది. వెంట కాళ్ళింకా సరిగ్గా నిలవని పిల్ల. దాహానికి తల్లి పొదుగులో పాలు ఎండిపోయాయి. జింకలు గడ్డి తప్ప ఏం తెస్తాయి, నక్కకి గడ్డెందుకు? గంగులు ఇవాళ ఎంతో ప్రేమగా ఒక మాట చెప్పాడట. పొద్దుగూకేలోగా పిల్లని తన కాడ వదిలెయ్యమన్నాడు, తనే కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడట, పైడమ్మ రోజూ హాయిగా తాగి పోవచ్చట.

"ఇవ్వనంటే నేనూ చస్తాను, పాలు లేక అదీ చస్తుంది. నన్నేం చెయ్యమంటావు పెద్దమ్మా" అని పైడమ్మ ఏడుపు మొదలెట్టింది.

"ముందు ఆ ఏడుపు ఆపు. ఒంట్లో ఉన్న కాసిని నీళ్ళూ కళ్ళల్లోంచి పోతాయి" అంది సన్యాసమ్మ.

అంతలో గంగులే అటు వస్తూ కనిపించాడు. తల్లీపిల్లా మొగలి పొద వెనక్కి తప్పుకున్నారు.

గంగులుకీ ఒక చిక్కు వచ్చిపడింది. ఊరిన నీళ్ళు ఊరినట్టే బైరాగి తాగేస్తున్నాడు. చేప పెట్టిన కొంగ, ఖాళీ గొయ్యి చూసి తిట్టుకుంటూ పోతోంది. ఇలాగైతే రేపణ్ణించి చేపలు తెచ్చేవాళ్ళుండరు.

"అప్పా, నీ చేతిపని గొప్పది" అని మొదలెట్టాడు.

"చెయ్యి కాదు, డెక్క. ఏం కావాలి?"

"మరేం లేదు. ఇంకొన్ని నీళ్ళు పడాలంటే ఏం చెయ్యాలి?"

సన్యాసమ్మ వాడి మొహంలోకి చూసింది. అబద్ధం చెబితే వీడు ఇట్టే పట్టేస్తాడు. తనకా, అబద్ధం ఆడితే చెవులు వణుకుతాయి. కానీ వీడి తీరు తనకి తెలుసు. ఎండగా ఉందని ఎవరైనా అంటే, నీడలో ఏం దాచారో అని వెతికే రకం. వాడు ఏనాడూ ఉన్నది ఉన్నట్టు చెప్పడు కాబట్టి, ఎవరూ చెప్పరనుకుంటాడు.

"ఏమీ చెయ్యకూడదు. ఊరేదాకా ఆగాలి" అంది.

"అంతేనా?"

"అంతే. మోకాటి లోతు దాటి మాత్రం తవ్వకండి. కింద ఉప్పుంది."

గంగులు కళ్ళు చిన్నవి చేశాడు. "ఉప్పుందని నీకెలా తెలుసు?"

"మా ఆయన తవ్వాడు. తాగాడు. పోయాడు."

"ఏదీ, ఆ గొయ్యి చూపించు."

"ఇసక పూడ్చేసింది."

"భలే పూడ్చిందిలే" అని నవ్వాడు గంగులు.

సన్యాసమ్మ వాడి దగ్గరగా వచ్చింది. వాడి మీద తనకెంత కోపమున్నా చెలమ అందరిదీ అంది. చెయ్యి పెడితే ఒక్క పూటలో పాడవుతుంది, బాగుపడాలంటే మళ్ళీ వానలే రావాలి అంది. కావాలంటే తన వంతు నీళ్ళు కూడా వాళ్ళకే వదిలేస్తానంది. ఒక్కటీ అబద్ధం కాదు. అది ఎంత బతిమాలితే గంగులు కళ్ళు అంత మెరిశాయి.

"నీ మాట కాదంటానా అప్పా" అని తియ్యగా అనేసి వెళ్ళిపోయాడు.

పొద వెనకనించి పైడమ్మ మండిపడుతూ వచ్చింది. వాడికి నిజమెందుకు చెప్పావంది. ఏదో ఒక మాయమాట చెప్పి సముద్రంలోకి పంపెయ్యక, మంచి సలహా ఇచ్చి పంపుతావా అంది.

"వాడు నీ మాట వింటేనో?"

"వింటే నీ పిల్ల పోద్ది" అంది సన్యాసమ్మ. "వినడు."

నోటితో అనేసింది గానీ, చెవులు రెండూ చెలమ వైపే తిప్పి నిలబడింది. గాలికి సరుగుడు చెట్ల హోరు తప్ప ఏమీ వినపడలేదు. జింకపిల్ల వచ్చి దాని కాలికి ఆనుకుని పడుకుంది. సన్యాసమ్మ కాలు కదపలేదు. చాలాసేపటికి దూరంగా బైరాగి గుర్రుమనడం, ఇసక తిరగబోసిన చప్పుడు వినపడ్డాయి. అప్పుడు ఊపిరి వదిలింది.

బైరాగి ముట్టెతో ఛాతీ లోతు తవ్వేశాడు. నీళ్ళు ఊరడం కాదు, పొంగి వచ్చాయి. గొయ్యి కాస్తా మడుగైంది. ఎండలో తవ్వి తవ్వి గొంతెండిన బైరాగి మూతి పెట్టబోతే గంగులు ఆపాడు. కాసేపు తేరుకోనీ బావా, అందరూ చూడాలి కదా మన ఘనత అన్నాడు. వెళ్ళి తిప్పంతా కేకేసి పిలుచుకొచ్చాడు.

అందరూ వచ్చారు. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసి కొంగ రెక్కలు టపటపలాడించింది. గంగులు గట్టు మీదెక్కి, ఇన్నాళ్ళూ ఈ గాడిద గుక్కెడు గుక్కెడు పోసి మనమీద పెత్తనం చేసిందన్నాడు. లోతుకి పోవద్దని తనని ఎంత బతిమాలిందో యాక్షన్ చేసి మరీ చూపించాడు. కొందరు నవ్వారు. కొందరు సన్యాసమ్మ వైపు చురచురా చూశారు. ఆ తర్వాత గంగులు పైడమ్మ వైపు తిరిగి, పిల్లని ఇటు పంపించి కడుపునిండా తాగమన్నాడు.

పైడమ్మ పిల్లకి అడ్డంగా నిలబడి సన్యాసమ్మ మొహం చూసింది.

"తొందరేముంది" అంది సన్యాసమ్మ. "తవ్వినవాళ్ళే ముందు తాగాలి. మొదట్నించీ మన రూలు అంతే కదా."

అంతే, అంతే అన్నారు అందరూ. బైరాగి ఆ మాట కోసమే చూస్తున్నాడు. ముట్టె మొత్తం ముంచి గటగటా లాగాడు. రెండో గుక్క దగ్గర ఆగాడు. మూతి ఎత్తాడు. గడ్డం వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఉప్పు" అన్నాడు.

గంగులు ఉరికొచ్చి నాలిక పెట్టి, తుపుక్కున ఉమ్మేశాడు. గాడిదే ఇందులో ఏదో కలిపిందన్నాడు. అది ఇటువైపే రాలేదని కొంగ చెప్పింది.

బైరాగి మెల్లగా అడిగాడు. "లోతుకి పోతే ఉప్పు పడుద్దని నీకు చెప్పిందా?"

"చెప్పింది గానీ బావా..."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

బైరాగి తల దించి ఒక్క దూకు దూకాడు. గంగులు దొరికిన సందులోంచి మొగలి పొదల్లోకి దూరాడు. ముళ్ళు వాణ్ణి ఎక్కడెక్కడ పలకరించాయో, లోపల్నించి కుయ్యిమన్న చప్పుళ్ళు మాత్రం చాలాసేపు వినపడ్డాయి.

అందరూ పడీ పడీ నవ్వుతుంటే సన్యాసమ్మ నవ్వలేదు. ఉప్పునీళ్ళు తాగిన కడుపు ఏమవుతుందో దానికి తెలుసు. నవ్వుకోడానికి తర్వాత బోలెడు టైముంది, జరగండర్రా అని పక్క దిబ్బ మొదట్లోకి పోయి గబగబా తవ్వింది. మోకాటి లోతు రాగానే ఆగిపోయింది. బైరాగి వెనకాలే వచ్చి నిలబడ్డాడు, వాడి నాలిక బయటికి వేలాడుతోంది.

"ఇంకొంచెం తవ్వనా అప్పా?"

"ముట్టుకోకు. కూర్చో."

అంత పంది, చెప్పినట్టు కూర్చుంది. నీళ్ళు ఊరాయి. సన్యాసమ్మ ఒక గుక్క రుచి చూసి, మిగతాది బైరాగికి వదిలింది. మళ్ళీ ఊరాక పైడమ్మ తాగింది. తల్లి తాగుతుంటే పిల్ల పొదుగు కింద దూరి కుమ్మింది. పాలు ఇంకా దిగలేదు గానీ పైడమ్మ దాన్ని తోసెయ్యలేదు. ఆ మర్నాటినించి చెలమ కాడ బైరాగే కాపలా. అడ్డంగా పడుకోడానికి కాదు, లోతుకి ఎవరూ తవ్వకుండా చూడ్డానికి.

మడుగు తవ్విన రోజే పొద్దువాలుతుండగా గంగులు కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు. ముక్కు నిండా ముళ్ళు. బైరాగి లేవబోతే సన్యాసమ్మ వద్దంది. దాహం అందరికీ ఒకటేనంది. వాడి వంతు వచ్చేసరికి పక్కకి జరిగింది. గంగులు తల ఎత్తకుండా తాగాడు. తాగి, పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"అప్పా, ఒక్కటడుగుతాను. నాకు చెప్పిందంతా నిజమే కదా. మరి మోసం ఎక్కడ పెట్టావు?"

"ఇంకా వెతుకుతూనే ఉన్నావా?" అంది సన్యాసమ్మ. "నేనేం పెట్టలేదు నాయనా. ఉన్నది చెప్పాను. మిగతాది నువ్వే కలుపుకున్నావు."

"నేను నమ్మేసి ఉంటే?"

"నమ్మేవాడివైతే నీతో ఈ గొడవే ఉండేది కాదు. జరుగు, వెనకాల కొంగ నిలబడింది."

నిజం చెప్పినా నమ్మనివాణ్ణి ముంచడానికి అబద్ధంతో పనిలేదు.