అబద్ధం పిల్లి మీద పెట్టిన రాజుగారమ్మాయి

ఇలా జరగండర్రా. పండూ, కాళ్ళు అలా బారజాపకు, అక్కకి చోటివ్వు. అబ్బా... నా నడుం నా మాట వినటంలేదు. పొద్దుట్నుంచి చింతపండు పిక్కలు తీసి తీసి వేళ్ళు కూడా నావి కానట్టున్నాయి. ఈ పూటకి కథ వద్దంటే వింటారా మీరు? వినరు. సరే, చిన్నది చెప్తాను. మధ్యలో నాకు కునుకు పడితే బుజ్జమ్మా, నువ్వు లేపు.

బడిలో మీ మేష్టారు పది మంచి మాటలు బట్టీ పట్టమన్నారుగా, ఇందాకట్నుంచి ఇద్దరూ అవే వల్లిస్తూ, ఆ కాగితం నాదంటే నాదని కొట్టుకున్నారుగా. అదిగో, అది చూస్తేనే ఈ కథ గుర్తొచ్చింది.

అనగా అనగా, మా మామ్మకి మామ్మ పుట్టకముందెప్పుడో, గోదారి పాయ పక్కన ఒక రాజ్యం. దానికో రాజు. పేరు మహీధరుడు. ఆయనకి లేకలేక ఒక్కతే కూతురు, కనకవల్లి. ఏడేళ్ళది. అచ్చం నీ అంత, బుజ్జమ్మా. ముద్దుగా ఉండేది, చదువు ఇట్టే వచ్చేది. కానీ నోరు విప్పితే అబద్ధం. పాలు పారబోసి తాగేశాననేది. పూలమొక్క పీకేసి గాలికి పోయిందనేది. ఆ పిల్ల చేసిన దానికి పక్కనున్నవాళ్ళు తిట్లు తినేవాళ్ళు. ఒకసారైతే పెద్ద నిలువుటద్దం పగలగొట్టేసి, నాగులు పగలగొట్టిందని చెప్పింది. నాగులంటే ఆ పిల్లని ఎత్తుకు పెంచిన దాది. ఆ రోజు కోటలో విందు, వందమంది చుట్టాలు చూస్తున్నారు. రాజు నాగుల్ని అప్పటికప్పుడు పనిలోంచి తీసేసి పంపేశాడు. పాపం, ఆవిడ మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

ఊ అంటున్నారా? అనాలి మరి. లేకపోతే నేనూ పడుకుంటాను.

రేపు ఈ పిల్లే కదా రాజ్యం ఏలాలి, ఇలాగైతే ఎలాగని రాజుకి బెంగ పట్టుకుంది. దండోరా వేయించాడు. నా కూతురికి ఎవరు మంచిబుద్ధులు నేర్పితే వాళ్ళకి కోరింది ఇస్తాను, చేతకాకపోతే పడవెక్కించి పాయ అవతలికి తోలేస్తాను, మళ్ళీ ఈ రాజ్యంలో అడుగుపెట్టకూడదన్నాడు.

మొదట ఒక పంతులుగారు వచ్చారు. నూరు నీతిపద్యాలు నేర్పారు. నెల తిరక్కుండా పిల్ల గడగడా అప్పజెప్పేసింది. రాజు పొంగిపోయాడు. ఆ పూటే పంతులుగారి కళ్ళజోడు కనపడలేదు. తీశావా తల్లీ అంటే, సత్యమే పలకవలెను అని పద్యం చదివి, నేను తీయలేదంది. జోడు ఎక్కడుందీ? పిల్ల పరికిణీ కుచ్చిళ్ళలో! పంతులుగారు పడవెక్కారు.

తర్వాత ఒకాయన బెత్తం పట్టుకొచ్చాడు. దెబ్బ తప్పించుకోడానికి పిల్ల ఇంకాస్త నున్నటి అబద్ధాలు నేర్చింది. ఆయనా పడవెక్కాడు.

మూడోవాడు వట్టి వెర్రిబాగులోడు. అబద్ధమాడితే దయ్యం వస్తుందని చెప్పి, తనే గోనెపట్టా కప్పుకుని, మొహాన బొగ్గు పూసుకుని, తోటలో కూర్చున్నాడు. కోట కుక్కలు ఊరుకుంటాయా? వాడి పరుగు పడవలోకే. నవ్వకురా పండూ, మీ అమ్మ లేస్తుంది.

ఇక ఎవ్వరూ రాలేదు. వచ్చే ధైర్యమెవరికుందీ?

ఆ రాజ్యంలోనే కొబ్బరితోటల మధ్య ఒక చిన్న ఊరుంది. అక్కడ అచ్చియ్యమ్మ అని ఒక కోడలు. మొగుడు పడవ మీద కొబ్బరికాయలు తోలుకుపోయి పదిహేనురోజులకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు, రెండు గేదెలు, ఒక బూడిదరంగు పిల్లి, మంచానపడ్డ అత్తగారు. ఆ అత్తగారి పేరు మంగాయమ్మ. ఆవిడకి అన్నం గొంతు దిగదు. గంజిలో మజ్జిగ పోసి పట్టాలి. పాచి ఊడవటం దగ్గర్నుంచి గేదెల కింద పేడ తీసేదాకా అన్నీ అచ్చియ్యమ్మే. పడుకుందామంటే ఒకళ్ళు లేస్తారు, కూర్చుందామంటే ఒకళ్ళు పిలుస్తారు. ఆ అలుపు నాకు తెలుసర్రా. మీ తాతగారు బతికున్నప్పుడు ఈ ఇంట్లో పదకొండుమందిమి.

ఏం జరిగిందంటే, రాజుగారి మనుషులు ఆ ఊరు వచ్చి, ఇక్కడెవరైనా ఉన్నారా నేర్పేవాళ్ళు అని అడిగారు. మంచం మీంచి మంగాయమ్మ, మా కోడలుందిగా, అది గోడకైనా బుద్ధి చెప్తుంది అనేసింది. అచ్చియ్యమ్మ తల కొట్టుకుంది. అయ్యా, నాకు తీరిక లేదని మొత్తుకుంది. వింటారా? ఆఖరికి విసిగిపోయి, అయితే పిల్లని ఇక్కడే వదిలిపెట్టండి, నెల్లాళ్ళు కోట నుంచి ఎవ్వరూ రాకూడదు, నేను ప్రత్యేకం నేర్పేదేం లేదు, మా ఇంట్లో పిల్లలతో పాటే అంది. చేతకాకపోతే ఇంటిల్లిపాదీ పడవెక్కాలి మరి, మంచానపడ్డ ముసలమ్మతో సహా. అదీ ఒప్పుకుంది. ఒప్పుకోక చేసేదేముంది?

కనకవల్లి వచ్చింది. అచ్చియ్యమ్మ పద్యం చెప్పలేదు, బెత్తం పట్టలేదు. గేదెకి గడ్డి వేస్తే నువ్వూ ఒక పరక వెయ్యమనేది. ముగ్గురు పిల్లలకీ ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టేది. అంతే.

నాలుగోరోజున, ముసలమ్మ కోసం తీసిపెట్టిన మజ్జిగ ముంత ఆ పిల్ల ఆడుకుంటూ తన్నేసింది. ముంత పగిలింది, మజ్జిగంతా మట్టిపాలు. అచ్చియ్యమ్మ వచ్చి చూస్తే, పిల్ల తడుముకోకుండా, పిల్లి దొర్లించిందండీ అంది. పరికిణీ అంచు తడిసి మజ్జిగ కారుతోంది. అచ్చియ్యమ్మ అంచు చూసింది, మొహం చూసింది. గట్టిగా ఊపిరి వదిలి, పిల్లి దొర్లించిందా? సరే. తప్పు చేసినవాళ్ళని ఇంట్లోంచి పంపెయ్యాలిగా, మీ కోటలోనూ అంతేనటగా, తీసుకెళ్ళి కాలవ అవతల కల్లంలో వదిలేసి రా అంది.

పిల్ల పిల్లిని బుట్టలో పెట్టి వదిలేసి వచ్చింది. తప్పించుకున్నాననుకుంది.

ఇక చూడండి. పిల్లి లేదని ఎలకలొచ్చాయి. ఎలకలొచ్చి కవ్వం తాడు కొరికాయి. తాడు తెగితే మజ్జిగ చిలకడం కుదరలేదు. మజ్జిగ చిలక్కపోతే ముసలమ్మకి గంజి దిగలేదు. గంజి దిగక ముసలమ్మ మూలిగింది. ముసలమ్మ మూలుగుతుంటే పసివాళ్ళకి నిద్ర లేదు. పసివాళ్ళకి నిద్ర లేకపోతే అచ్చియ్యమ్మ నిలువుకాళ్ళ మీదే ఉంది.

ఇంకో తాడు కట్టొచ్చుగా అమ్మమ్మా అంటావేమే? కట్టింది. అదీ కొరికాయి. పక్కింట్లో మజ్జిగ అడగొచ్చుగా అంటావు. అడిగింది. వాళ్ళ గేదె వట్టిపోయింది. కథ చెప్పేది నేనా, నువ్వా?

ఒకరోజైంది, రెండోరోజైంది. ఎవ్వరూ కనకవల్లిని ఒక్కమాట అనలేదు. అదే ఆ పిల్లకి పడలేదు. తిడితే ఎదురు చెప్పొచ్చు, కొడితే ఏడవొచ్చు. ఏమీ అనకపోతే ఏం చేస్తాం? మూడోరోజు మధ్యాహ్నం ముసలమ్మ సన్నగా పిలిచింది. పిల్ల వెళ్ళి మంచం పక్కన నుంచుంది. ముసలమ్మ ఆ చెయ్యి పట్టుకుని, నువ్వు అన్నం తిన్నావా తల్లీ, మొహం వాడిపోయిందేం అంది.

అంతే. పిల్లకి దుఃఖం ఆగలేదు.

"మామ్మా, ముంత పిల్లి పగలగొట్టలేదు. నేనే తన్నేశాను. నేనే..."

"తెలుసునే తల్లీ. మంచం మీంచి చూశానుగా."

"చూసి ఎందుకు చెప్పలేదు?"

"మా కోడలు చెప్పొద్దంది. నీ నోటితో రావాలంది. రెండ్రోజులు కాస్త ఓర్చుకో అత్తా అంది. ఓర్చుకున్నాను."

తెలిసి కూడా తన కోసం ఆకలితో పడుకుందా అని పిల్ల బిక్కచచ్చిపోయింది. అప్పుడే అచ్చియ్యమ్మ పేడచేతులతో లోపలికొచ్చింది. తిట్టలేదు, శభాష్ అనలేదు. సరే, వెళ్ళి పిల్లిని తెచ్చుకో, పొద్దుగూకితే దొరకదు అంది.

పిల్ల పరుగున కాలవ దాటింది. కల్లంలో పిల్లి కోపంగా ఉంది. దగ్గరికెళ్తే చెయ్యంతా గీరేసింది. అయినా వదల్లేదు, పరికిణీలో చుట్టి తెచ్చేసింది. పిల్లి వచ్చింది, ఎలకలు పోయాయి. ఎలకలు పోతే తాడు నిలిచింది. తాడు నిలిస్తే అచ్చియ్యమ్మ మజ్జిగ చిలికింది. మజ్జిగతో గంజి దిగింది. గంజి దిగితే ముసలమ్మ కళ్ళు తెరిచింది. పసివాళ్ళు పడుకున్నారు. అచ్చియ్యమ్మ గోడకి చేరగిలబడింది.

అందరికీ బాగానే ఉంది. ఆ పిల్ల మాత్రం గుమ్మంలో కూర్చుని లేవదు. ఏమైందే అంటే, మరి నాగులో అంది. అద్దం సంగతి మొత్తం చెప్పేసింది. అచ్చియ్యమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు, పిల్లి దగ్గర్లో ఉంది గనక తెచ్చావు, మనిషిని తేవడం అంత తేలిక కాదమ్మా, మీ నాన్నగారిని అడగాలి, అడగ్గలవా అంది.

పండు పడుకున్నాడా? సరే, దుప్పటి కప్పు. నీకు చెప్తాను.

నెల తిరిగింది. రాజు వచ్చాడు, మంత్రి వచ్చాడు, కాలవలో పడవ కూడా సిద్ధంగా తెచ్చారు. మంత్రి పిల్లని నిలబెట్టి, నేర్చుకున్నవి అప్పజెప్పమన్నాడు. పిల్లకి ఒక్క పద్యం గుర్తు రాలేదు. ఒకటి మొదలెట్టి ఆపేసింది. మంత్రి పకపకా నవ్వి, ఇంక పడవెక్కించండి అన్నాడు. మంగాయమ్మని మంచంతో సహా ఎత్తడానికి నలుగురు ముందుకొచ్చారు.

అప్పుడు కనకవల్లి వెళ్ళి మంచం కోడు పట్టుకుంది.

"నాన్నగారూ, అద్దం నాగులు పగలగొట్టలేదు. నేను పగలగొట్టాను. నాగుల్ని రమ్మనండి."

రాజు మొహం పాలిపోయింది. మెల్లగా అన్నాడు, "నాకు ఆ రోజే తెలుసమ్మా."

"తెలిస్తే ఎందుకు పంపేశారు?"

"వందమంది చూస్తున్నారు. రాజు కూతురు అబద్ధమాడిందంటే తలవంపులు కదా అని..."

"అప్పుడు మీరు నా వైపు చూసి నవ్వారు నాన్నగారూ. అలా చెయ్యొచ్చు కాబోలనుకున్నాను."

రాజు ఆ మట్టి అరుగు మీదే కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ పంతుళ్ళని పడవలెక్కించాడు గానీ, ఆ పాఠం చెప్పింది తనేనని తెలియలేదు పాపం. కాసేపటికి లేచి, ముసలమ్మ మంచం దింపించాడు. పడవెక్కించిన ఆ ముగ్గురు గురువుల్నీ కూడా వెనక్కి పిలిపించండి అని మంత్రితో చెప్పాడు.

కూతురి చెయ్యి పట్టుకుని తనే నాగులు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. పాయ చివర కొబ్బరిపీచు నానబెట్టి తాళ్ళు పేనుకుంటోందావిడ. అరిచేతులు పగిలిపోయాయి. రాజుని చూసి లేచింది, మంచినీళ్ళిచ్చింది. రాజు తప్పయిందన్నాడు, మళ్ళీ కోటకి రమ్మన్నాడు. ఆవిడ రానంది. నాకిక్కడ బాగానే ఉంది బాబూ, కానీ నేను పగలగొట్టలేదని ఆ వందమందికీ చెప్పండి, ఎదురుపడితే ఇప్పటికీ నన్ను అద్దం నాగులంటున్నారు అంది.

రాజు వందమందినీ మళ్ళీ పిలిచాడు. అందరి ముందూ తన తప్పు తనూ, కూతురి తప్పు కూతురూ చెప్పారు. ఆ పిల్ల ఆఖరిదాకా చెప్పింది. నాగులు ముందు వరసలో కూర్చుని భోంచేసింది. కనకవల్లి ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంటే, చిన్నప్పట్నుంచి ఎత్తుకు పెంచిన చెయ్యి కదా, తల నిమరకుండా ఉండగలదా?

ఇంక అచ్చియ్యమ్మ. కోరుకోమన్నాడు రాజు. ఊరు కావాలా, మాన్యం కావాలా అన్నాడు. ఆవిడ, నాకు ఒక్కరోజు నిద్ర కావాలండీ అంది. పొద్దున్నించి పొద్దుగూకేదాకా, ఎవ్వరూ లేపకుండా.

ఏం చేశారనుకున్నావు? రాణిగారొచ్చి కవ్వం పట్టింది. మంత్రి గేదెల కింద పేడ తీశాడు, ముక్కు మూసుకుని. రాజు ముసలమ్మకి గంజి తాగించాడు, సగం మెడ మీద పోశాడట. అచ్చియ్యమ్మ వెనకింట్లో చాప పరుచుకుని పడుకుంది. కనకవల్లి గుమ్మం దగ్గర పీట వేసుకు కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ నోటి మీద వేలు పెట్టి చూపించింది. పిల్లి అరిచినా ఊరుకోలేదు. ఆ రోజంతా ఆ ఇంట్లో గిన్నె చప్పుడు లేదు.

అందరూ హాయిగా ఉన్నారు. ఆ పిల్ల పెద్దదై రాజ్యం చేసింది, బాగా చేసింది.

నీతేమిటంటావా? మంచిమాటలు బట్టీ పట్టడం తప్పు కాదు, పట్టండి. కానీ అవి కాగితం మీంచి రావు తల్లీ, ఇంట్లోంచి వస్తాయి. పెద్దవాళ్ళు ఏం చెప్పారన్నది పిల్లలు వినరు, ఏం చేశారన్నది చూస్తారు. నేనూ మీకు ఎన్నో చెప్తాను. అన్నీ నేను చేశానా అంటే, చెయ్యలేదు. కొన్ని చేశాను. మిగిలినవి ఈ ఓపికతో ఎంతవరకో చూద్దాం.

ఊ అనవేం బుజ్జమ్మా? పడుకున్నావా... పోనీలే. కథ కంచి పడవెక్కి వెళ్ళిపోయింది, మనం మన పక్కల్లో ఒత్తిగిలుదాం.