వెన్ను మీద పదును

ఒక పెళ్ళిళ్ళ వంటశాలలో కత్తులన్నీ తెల్లారగానే సానరాయి ముందు వరుసకట్టేవి. మొద్దుబారినా, బారకపోయినా వెళ్ళాల్సిందే. అది అక్కడి ఆచారం.

సానరాయిని అందరూ తాతగారు అనేవారు. ఒక్కొక్క కత్తీ ఆయన ముందు వంగి, అటూ ఇటూ ఒళ్ళు రుద్దుకునేది. నల్లటి బురద కారేది. "చూశావా, ఎంత పొగరు దిగిందో!" అనేవాడాయన. కత్తి సిగ్గుపడుతూ, తళతళలాడుతూ పనిలోకి వెళ్ళేది. ఆ కారింది తన ఒళ్ళేనని ఏ కత్తికీ తట్టలేదు.

వాటిలో ఒక ముసలి కత్తి ఉండేది. వచ్చిన కొత్తలో అరచెయ్యంత వెడల్పు. ఇప్పుడు అల్లికసూదికి అక్కలా ఉంది. తాతగారు అందరికీ దాన్నే చూపించేవాడు. "అణకువంటే అదీ! ఇన్నేళ్ళలో ఒక్కరోజు నాగా పెట్టలేదు." ముసలి కత్తి మురిసిపోయేది. మురిసిపోవడానికి కూడా ఇక పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఒకనాడు ఉల్లిపాయలు తరిగే ఆమె కొత్త కత్తిని తెచ్చుకుంది. ఇనుపకమ్మీలు కోసే మిషన్‌లో అదివరకు రంపం బ్లేడు. పళ్ళరిగిపోతే బయట పారేశారు. ఈమె ఏరుకుని, వర్క్‌షాపులో కత్తిగా అరగదీయించి, పిడి వేయించుకుంది. అది హైస్పీడు స్టీలు. ఆ పేరు వినగానే వంటశాలంతా నవ్వింది.

"వంటింట్లో స్పీడెందుకమ్మా? ఎక్కడికెళ్ళాలట?" అన్నాడు తాతగారు.

"ఆ ఉల్లిపాయల బస్తాల అవతలికి" అంది ఆమె.

నిజంగానే వెళ్ళింది! బస్తా వెనక బస్తా ఖాళీ అయింది. మధ్యాహ్నానికే మిగతా కత్తులు టమాటాలను కోయలేక నలిపేస్తున్నాయి. కొత్త కత్తి మాత్రం పొద్దుగూకేవేళకు కూడా పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. మర్నాడు అది వరుసలోకి రాలేదు.

"నువ్వు రావా?" అన్నాడు తాతగారు.

"నాకింకా పదును పోలేదండీ."

"పదును పోతేనే రావాలని ఎవరన్నారు? రావడమే పద్ధతి."

పెద్దాయన మాట తీసెయ్యలేక వచ్చింది. ఎంత రుద్దినా బురద కారలేదు. పైగా తాతగారి మీదే ఒక గీత పడింది. ఆయన పెట్టిన కేకకు పాలగిన్నె మీద మూత ఎగిరిపడింది.

కేక విని వంటమేస్త్రీ వచ్చాడు. కొత్త కత్తిని తీసుకుని, కావాలనే ఒక మేక ఎముక మీద ఒక్కటి వేశాడు. అంచున చిన్న పెచ్చు ఊడింది.

"చూశారా! గట్టిదానికి ఎప్పుడూ ఇంతే, పెళుసు!" అన్నాడు.

"ఎముకలకు గొడ్డలికత్తి ఉందిగా మేస్త్రీ. అది నా పని కాదు" అంది కొత్త కత్తి.

నా పని కాదు! ఆ మాట అక్కడ అంతవరకు ఎవరూ అనలేదు. చెక్కబల్ల మీద కత్తులన్నీ దాన్ని లోలోపల ఒకసారి అనుకుని చూసుకున్నాయి. భలే రుచిగా ఉంది.

"నీ సంగతి పొయ్యి చూసుకుంటుందిలే" అన్నాడు మేస్త్రీ.

కత్తులన్నీ పొయ్యికి దూరంగా జరిగాయి. మంటలో పడ్డ కత్తి ఏమవుతుందో వాటికి తెలుసు. బయటికొచ్చాక అరటిపండు కూడా కోయలేదు.

ఉల్లిపాయలామె చెయ్యి అడ్డం పెట్టింది. "మేస్త్రీ, అది నాది."

"నీదే. మెత్తబడ్డాక కూడా నీదే."

పెద్ద పొయ్యి భగ్గుమంది. మేస్త్రీ పిడికి తడిగుడ్డ చుట్టి, కత్తిని మంటలో పెట్టాడు. అది గోధుమరంగుకొచ్చింది, నీలమైంది, చివరికి మసక ఎరుపు తిరిగింది. "ఇక చాలు" అని నీళ్ళలో ముంచబోయాడు. ఆమె లాక్కుని ఇటుకల మీద పెట్టింది. "నీళ్ళు తగిలితే పగులుతుంది. దాని వేడి దాన్నే దించుకోనియ్యి."

చల్లారాక అది మసిబారి, మచ్చలుపడి ఉంది. మేస్త్రీ నవ్వుతూ ఒక టమాటా ఇచ్చాడు. "కొయ్యి మరి!"

ఆమె కత్తిని టమాటా మీద ఆనించి, అలా లాగింది. అంతే! అవతలి మనిషి కనిపించేంత పల్చటి ముక్క రాలింది. ఇంకొకటి. మరొకటి!

"పదును తగ్గలేదు! తగ్గలేదే!" అని అరిచాయి కత్తులు.

"ఇనుము కోసి బతికినదాన్ని" అంది కొత్త కత్తి. "రాపిడికి ఒళ్ళు కాలిపోతున్నా కోస్తూనే ఉండాలని నన్నలా చేశారు. ఈ పొయ్యి నాకు కొత్తేం కాదు."

మేస్త్రీ టమాటాను బల్లకేసి కొట్టి, పెరట్లో డేగిశాలు తోమేవాళ్ళ మీద అరవడానికి వెళ్ళిపోయాడు. తాతగారు తన మీద పడ్డ గీతను చూసుకుంటూ కూర్చున్నాడు. కత్తులు మాత్రం ఆగలేదు.

"నన్నూ పెట్టండి మంటలో!" "ముందు నన్ను!" ముసలి కత్తి అప్పటికే పొయ్యి అంచుదాకా జరిగింది.

"ఆగు పిన్నీ!" కొత్త కత్తి గొంతు చించుకుంది. "నీ ఉక్కు వేరు. మంట నిన్ను తినేస్తుంది. నేను కాలి బయటపడ్డానని నువ్వూ కాలాలా ఏమిటి?"

ముసలి కత్తి ఆగింది. "మరి నా దారేది? మళ్ళీ తాతగారి దగ్గరికేనా? ఇంకొక్క ఏడాది రుద్దించుకుంటే నేనుండను."

"ఏదీ, నీ అంచు చూపించు." కొత్త కత్తి వెలుతురులో పరీక్షగా చూసింది. "అంచు అరగలేదు పిన్నీ. వంగింది, అంతే! నిలబెడితే చాలు." అని వెనక్కి తిరిగింది. "నా వెన్ను మీద రాసుకో. మెల్లగా, రెండు వైపులా."

"నీకు నొప్పెట్టదూ?"

"వెన్ను పని ఇదే అనుకో."

ముసలి కత్తి రాసుకుంది. చుక్క బురద కారలేదు. ఉల్లిపాయలామె దాన్ని తీసుకుని టమాటా మీద ఆనించింది. తొక్క చటుక్కున తెగింది!

"తెగింది!" అంది ముసలి కత్తి. సన్నగా మిగిలిన తన ఒళ్ళు చూసుకుని మళ్ళీ అంది. "మరి ఇన్నేళ్ళూ నా ఒళ్ళెందుకు తీశాడు?"

అప్పటికే రెండో కత్తి ఆ వెన్ను దగ్గరికొచ్చింది. దాని వెనక మూడోది. ఇనుము ఇనుముకు తగిలే సన్నటి చప్పుడు వంటశాల నిండా మొదలై, కిటికీల్లోంచి పెరట్లోకి పాకింది.

"ఏమిటే లోపల ఆ చప్పుడు?" అని అక్కణ్ణించే కేకేశాడు మేస్త్రీ.

ఉల్లిపాయలామె కొత్త కత్తి పిడిని గట్టిగా పట్టుకుంది, వెన్ను కదలకుండా.

"ఏం లేదు మేస్త్రీ, ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు."