రాజుగారి గురక, రేల కాలి మువ్వలు

చప్పుడు కాకుండా నడవడంలో నన్ను మించినవాడు ఈ భూమండలంలోనే లేడర్రా పిల్లలూ! ఎండుటాకు మీద నడిస్తే ఆకుకు తెలియదు. ఒకసారి ఏడు పులుల మధ్యలోంచి నడిచి వెళ్ళాను, ఒక్కటీ తోక కదపలేదు. ఏంటీ, ఇందాక ఇంట్లోకి వస్తూ ఇత్తడి బిందెను తన్నింది ఎవరంటారా? నేనే. ఆ పులులు కూడా గోడ మీద బొమ్మలే. సరే సరే, నవ్వింది చాలు, కథ వినండి.

మబ్బులకు పైన ఒక కొండ. ఆ కొండ మీద ఒక కోట. ఆ కోటకు అభ్రకేతుడని ఒక రాజు. ఆ కొండను నీడలకొండ అనేవారు, ఎందుకంటే అక్కడ కాపురం ఉన్నవాళ్ళందరూ వేగులే. పిల్లాడు పుడితే ఉగ్గుపాలతో పాటు మాటు వేయడం నేర్పేవారు. వీధి వాకిట్లోంచి రావడం అక్కడ మోటుతనం. చుట్టం వస్తే దూలం మీదనుంచి దిగుతాడు. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాడు గాదె వెనకనుంచి లేస్తాడు. ఇక నేల మీద ఒక్క అడుగు కనిపిస్తే చాలు, నడిచినవాడి వయసు, బరువు, పొద్దున తిన్న కూర కూడా చెప్పేసేవారు.

అంతటి వేగుల్లోనూ మేటివాళ్ళు మెత్తడుగువాళ్ళు. అదొక వంశం. వాళ్ళు నడిస్తే చప్పుడు కాదు, జాడ పడదు. తాతల కాలంలో శత్రువులు కొండెక్కి వస్తే ముందు ఎదురెళ్ళింది వాళ్ళే. అప్పుడు ఊరంతా "మన మెత్తడుగువాళ్ళు" అన్నారు. గెలుపు పాతబడ్డాక "ఆ మెత్తడుగువాళ్ళు" అనడం మొదలుపెట్టారు.

ఇలా ఉండగా ఒకరోజు రాజుగారి నిద్ర పోయింది. నిద్ర పట్టకపోవడం కాదర్రా, నిజంగానే ఎవరో ఎత్తుకుపోయారు. పాపం రాజు పడుకుంటాడు, దొర్లుతాడు, లేస్తాడు. కళ్ళు రెండూ ఎర్రగా మిరపపళ్ళలా అయ్యాయి. ఊళ్ళో వేగులందరూ వచ్చి వంగి ఆయన గది నేలంతా వెతికారు. గడప దగ్గర అడుగు లేదు. మంచం కింద అడుగు లేదు. మెట్ల మీద అడుగు లేదు.

మంత్రి శంకాదిత్యుడికి చెవి దురద జాస్తి. రాజుగారి దిండు మీద పచ్చటి ఈక ఒకటి పడి ఉంటే తీసి, చెవిలో తిప్పుకుంటూ అన్నాడు: "జాడ పడకుండా నడిచేవాళ్ళు మన ఊళ్ళో ఎవరున్నారు మహారాజా?"

అంతే. రాజు మొదటి ఆజ్ఞ వేశాడు: మెత్తడుగువాళ్ళందరూ కాళ్ళకు ఇనప మువ్వలు కట్టుకోవాలి, ముడి మీద లక్కతో రాజముద్ర వేయాలి, ఒక్కరి ముద్ర పగిలినా వంశమంతటికీ శిక్ష. ఉయ్యాల్లో పసిపాపకు కూడా కట్టారు. మర్నాటి నుంచి వాళ్ళ పేరు మువ్వలవాళ్ళు.

కొన్నాళ్ళకు ఏడు సముద్రాల అవతలి నుంచి గాలివాటున ఒక గురక వినిపించసాగింది. రాణిగారు చెవి ఒగ్గి విని బావురుమన్నారు. "అయ్యో, ఇది మీ గురకేనండీ! ఇరవై ఏళ్ళు విన్నాను, నాకు తెలియదా?"

అక్కడ కరాళుడనే మాంత్రికుడు ఉన్నాడు. మంత్రాలు వల్లించి వల్లించి సొంత నిద్ర పోగొట్టుకున్నాడు. ఇప్పుడు రాజుగారి నిద్ర పోతున్నాడన్నమాట! "దొంగ దొరికాడుగా, మువ్వలు విప్పించండి" అంది రాణి. శంకాదిత్యుడు ఈక తిప్పాడు. "దొంగ బయటివాడే మహారాణీ. మరి లోపలినుంచి తలుపు తీసింది ఎవరు?"

రాజు రెండో ఆజ్ఞ వేశాడు: మువ్వలవాళ్ళు కోట గోడ బయట ఉండాలి. తర్వాత కొడుకుల్ని పంపాడు. పెద్దకొడుకు మహా వేగు. కుండలా ముడుచుకుని మాంత్రికుడి ఇంట్లో నక్కాడు. "ఓహో, కుండా?" అని మాంత్రికుడు అతన్ని నిజం కుండను చేసేశాడు. రెండోవాడు ఇంకా మహా వేగు. పీటలా వంగి కూర్చున్నాడు. "ఓహో, పీటా?" అని పీటను చేసేశాడు. ఏడేళ్ళు గడిచాయి. రాజు మూడో ఆజ్ఞ వేశాడు: వచ్చే అమావాస్యలోగా మువ్వలవాళ్ళు కొండ దిగి పోవాలి, మళ్ళీ ఎక్కకూడదు.

రాజుగారి మూడో కొడుకు పేరు మృదుపాదుడు. పేరు పెట్టేటప్పటికి ఎవరికీ తెలియదు కదా! ఆ అబ్బాయి నడిస్తే మేడ మీద పావురాలు లేచిపోయేవి. మెట్లు దిగితే చివరి మెట్టు ఎప్పుడూ మర్చిపోయేవాడు. వేగుల ఊళ్ళో అలాంటి పిల్లాడికి స్నేహితులెవరు? పైగా ఆ ఊళ్ళో ఎవరు ఎప్పుడు వెనక నిలబడతారో తెలియదు, రోజుకు పదిసార్లు ఉలిక్కిపడేవాడు. ఒక్క మనిషి వస్తున్నట్టు మాత్రం ముందే తెలిసేది. కోటకు తేనె తెచ్చే రేల. మువ్వలవాళ్ళ అమ్మాయి. దూరం నుంచే ఘల్లు ఘల్లుమని వినిపించేది. ఆ చప్పుడు వింటే అతనికి ప్రాణం లేచొచ్చేది.

మూడో ఆజ్ఞ దండోరా వేసిన రోజు రేల తేనెకుండ దింపి అంది: "ఇదే ఆఖరి తేనె చిన్నబాబూ. మా అవ్వకు ఎనభై ఏళ్ళు. కొండ దిగితే మళ్ళీ ఎక్కలేదు. అసలు దిగగలదో లేదో."

"నేను వెళ్ళి నాన్నగారి నిద్ర తెస్తాను" అన్నాడు మృదుపాదుడు. అంటూ లేచి తేనెకుండ తన్నాడు.

రేల కుండ వంకా, అతని వంకా చూసింది. "నేనూ వస్తా. మీరొక్కరే వెళితే మీ అన్నల పక్కన చెంబై కూర్చుంటారు."

ఇద్దరూ కొండ దిగారు. సముద్రం ఒడ్డుకు చేరేసరికి నీళ్ళలోంచి ఇంత పెద్ద తాబేలు తల ఎత్తింది.

"మువ్వలు విని వచ్చాను. వేటగాళ్ళు చప్పుడు చేయకుండా వస్తారు. వస్తున్నామని చెప్పి వచ్చేవాళ్ళతో నాకేం భయం? ఎక్కండి."

ఎక్కారు. ఉప్పు సముద్రం దాటారు. చెరకు రసం సముద్రంలో మృదుపాదుడు దోసిళ్ళకొద్దీ తాగాడు. కల్లు సముద్రం వచ్చేసరికి "కళ్ళు మూసుకోండి, మీరింకా చిన్నపిల్లలు" అని తాబేలు గబగబా ఈదేసింది. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం, అన్నీ దాటారు. అవతలి ఒడ్డున కరాళుడి కోట. గోడ తాటిచెట్టంత ఎత్తు, నున్నగా గుడ్డు పెంకులా ఉంది. గోడ మొదట్లో ఒక ఉడుము ఎండ కాగుతోంది.

"మువ్వలు విన్నాను. చెప్పి వచ్చేవాళ్ళతో నాకేం భయం? నా తోక పట్టుకోండి" అని జరజరా పైకి పాకి, ఇద్దర్నీ గోడ దాటించి ఒక కిటికీ ముందు దింపింది.

"ఇక్కణ్ణించి జాగ్రత్త. వాడి ప్రాణం వాడిలో లేదు, మంచం పైన పంజరంలో ఉన్న చిలకలో ఉంది. ఆ గదిలో చీమ తుమ్మినా చిలక అరుస్తుంది. అరిస్తే వాడు లేస్తాడు. లేస్తే మీరు కుండలు."

మృదుపాదుడు కిటికీలోంచి చూశాడు. మిట్టమధ్యాహ్నం. మాంత్రికుడు వెల్లకిలా పడుకుని అచ్చం నాన్నగారి గురక పెడుతున్నాడు. తలగడ పక్కన వెండి భరిణె. మూలన ఒక కుండ, ఒక పీట. తను ఒక్కడుగు వేస్తే అంతే సంగతులని అతనికి తెలుసు. రేల కాళ్ళ వంక చూశాడు.

"రేలా, ఆ మువ్వలు విప్పెయ్. ఇక్కడ ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. ఎవరూ చూడనిచోట విప్పేస్తే మంత్రిగారు అన్న మాట నిజమైపోదూ?" అంది రేల. "మీరు మాత్రం కదలకండి. ఊపిరి కూడా కొంచెం చిన్నగా."

మృదుపాదుడు తలపాగా కొస నోట్లో కుక్కుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇప్పుడు ఘల్లుమంటుంది, ఇప్పుడు ఘల్లుమంటుంది అని వణికిపోతున్నాడు. ఏదీ, మోగదే! ఒక కన్ను తెరిచాడు. రేల గది మధ్యలో ఉంది. కాళ్ళకు మువ్వలున్నాయి. లక్క ముద్ర ఉంది. అడుగు పడుతోంది, అడుగు లేస్తోంది. ఒక్క మువ్వ మోగితే ఒట్టు!

రేల భరిణె తీసింది. పంజరం తలుపు తెరిచింది. అప్పుడు చూసింది చిలక.

"నువ్వెలా వచ్చావ్? నాకు వినపడలేదే! అరవనా?" అని గుసగుసలాడింది.

"అరిచెయ్ తల్లీ, నీ పని నువ్వు చేసుకో. కానీ కళ్ళ కింద ఆ వాపేమిటి? నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

చిలక ముక్కు వణికింది. ఏడేళ్ళుగా దాన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "వాడు పడుకోవాలంటే నేను కాపలా కాయాలి. ఆ నిద్ర తెచ్చిందీ నేనే. మీ రాజుగారి కిటికీలోంచి ఎగిరొచ్చి ముక్కున కరుచుకుపోయాను. హడావిడిలో తోక ఈక కూడా ఒకటి పోగొట్టుకున్నాను. నాకు మాత్రం ఒక్క కునుకు ఇవ్వలేదు."

రేల భరిణె మూత తీసి, వేలితో చిటికెడు నిద్ర తీసి చిలక రెప్పల మీద రాసింది. చిలక ఆమె అరచేతిలోకి ఒరిగి, రెక్కలో తల దూర్చుకుని నిద్రపోయింది. చిలక నిద్రపోతే మాంత్రికుడి ప్రాణమూ నిద్రపోయినట్టే. వాడి గురక చిన్నదై, పిట్ట ఊపిరంతదై, అలాగే ఉండిపోయింది. చంపాల్సిన పనే లేకపోయింది. మూలన కుండ "అబ్బా, నడుము!" అంటూ పెద్దకొడుకై లేచింది. పీట "ఏడేళ్ళు నా మీదే కూర్చున్నాడు!" అంటూ రెండోకొడుకై లేచింది.

తాబేలు మీద తిరిగి వస్తూ మృదుపాదుడు అడిగాడు: "అవి మోగకుండా నడవడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నేర్చుకోలేదు. మా కాళ్ళకు ఏది కట్టినా మోగదు. మోగించడమే నేర్చుకున్నాం. మువ్వలు కట్టిన రోజున అవ్వ మా పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, మడమ గట్టిగా వేయండ్రా అని నేర్పింది. ఏడు రోజులు పట్టింది. మడమలు వాచిపోయాయి."

"ఎందుకు రేలా?"

"ఊరు భయపడుతోంది కదా. మువ్వల చప్పుడు వింటే కొంచెం ధైర్యంగా ఉంటారని." నీళ్ళ వంక చూస్తూ మళ్ళీ అంది: "మీ మేడ దగ్గరైతే ఇంకా దూరం నుంచే మోగించేదాన్ని. మీరు ఒక్కోసారి ఏడుస్తూ ఉండేవారు. నేను వచ్చేలోపు కళ్ళు తుడుచుకుంటారని."

మృదుపాదుడి కళ్ళు నిండాయి. ఇప్పుడు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

అమావాస్య నాటి పొద్దుటికి కొండెక్కారు. కోట గుమ్మం ముందు మువ్వలవాళ్ళందరూ నెత్తిన మూటలతో నిలబడి ఉన్నారు. అవ్వ తన మూట మీదే కూర్చుని ఉంది. రేల నేరుగా సభలోకి నడిచింది. హడావిడిలో మోగించడం మర్చిపోయింది.

"చూశారా మహారాజా! మువ్వలు తెంపేసింది!" అని శంకాదిత్యుడు ఎగిరి గంతేశాడు.

రాజు ఎర్రటి కళ్ళతో కిందికి చూశాడు. మువ్వలున్నాయి. ముద్ర చెక్కుచెదరలేదు. రేల అటు నాలుగు అడుగులు మోగిస్తూ నడిచింది, ఇటు నాలుగు అడుగులు మోగకుండా నడిచింది. సభలో ఉన్నవాళ్ళంతా వేగులు కదా, ఆ నడక చూస్తే చాలు, ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఏడేళ్ళూ మోగింది మువ్వలు కాదు, వాళ్ళ మంచితనం.

మృదుపాదుడు నిద్రపోతున్న చిలకను పైకెత్తి చూపించాడు. తోకలో ఒక ఈక తక్కువ. అందరూ చిలక తోక వంక చూశారు. తర్వాత అందరూ మంత్రిగారి చెవి వంక చూశారు. పచ్చటి ఈక చెవిలోనే ఉంది! ఊళ్ళో వేగులంతా నేల వెతికారు గానీ, ఒక్కడూ తలెత్తి కిటికీ వంక చూడలేదు.

"మహారాజా, ముందు మీ నిద్ర" అని రేల భరిణె చాచింది.

"ఆగమ్మా. ఏడేళ్ళు కళ్ళు తెరుచుకునే ఉన్నాను, ఏమీ చూడలేదు. ఈ ఒక్క పని చూసి పడుకుంటాను." రాజు గుమ్మం బయటికి వచ్చి, నేల మీద కూర్చుని, అవ్వ పాదాలు ఒళ్ళో పెట్టుకుని లక్క ముద్ర పగలగొట్టాడు. మువ్వల కింద చర్మం నల్లగా కాయకట్టింది. ఆయన అది చాలాసేపు నిమురుతూ ఉండిపోయాడు. "ఇవి మంత్రి కాళ్ళకు కట్టిస్తానవ్వా" అన్నాడు.

"వద్దు నాయనా, వాటి బరువు మాకు తెలుసు" అంది అవ్వ. "అతను చేసిన తప్పును అతనే వీధి వీధికీ చెప్పమను. అతని తర్వాత అతని పిల్లలు చెప్పాలి, వాళ్ళ పిల్లలూ చెప్పాలి. మళ్ళీ ఇంకొకరి కాళ్ళకు మువ్వలు పడకుండా."

"అలాగే" అన్నాడు రాజు. భరిణె తెరిచాడు. అవ్వ మూట మీద తల పెట్టి అక్కడికక్కడే గురక పెట్టాడు. రాణిగారు ఆ గురక వింటూ, మహా సంగీతం విన్నట్టు కళ్ళు తుడుచుకున్నారు.

కోట గోడను మెత్తడుగువాళ్ళున్న పక్క పడగొట్టి, వాళ్ళ ఇళ్ళు లోపలికి వచ్చేలా మళ్ళీ కట్టారు. పెద్దయ్యాక మృదుపాదుడికీ రేలకూ పెళ్ళయింది. పెళ్ళికొడుకు పీటల మీదికి వస్తూ మూడు బిందెలు తన్నాడు. అన్నలిద్దరూ కుండలకు, పీటలకు ఆమడ దూరంలో నిలబడి అక్షింతలు వేశారు. మృదుపాదుడూ రేలా నూరేళ్ళు కొండను ఏలారు. చిలక ఇంకా వాళ్ళ పూలతోటలో నిద్రపోతూనే ఉంది, అందుకని కాస్త నెమ్మదిగా నవ్వండి.

ఏంటీ, ఈ కథ నాకెలా తెలుసంటారా? నేను రేల వంశం అనుకుంటున్నారా? అలా అనుకుంటే నాకూ బాగానే ఉండేది. కానీ బిందె తన్నడం మీరు విన్నారుగా. ఇక దాచి లాభం లేదు. మేం శంకాదిత్యుడి వంశం. ఇలా ఊరూరా తిరిగి ఈ కథ చెప్పడం మా ఇంటి పని, నాది ఏడో తరం. నమ్మకపోతే ఇదిగో, ఈ పచ్చ ఈక చూడండి. ముట్టుకోకండి మరి, ఇందాకే చెవిలో తిప్పుకున్నాను.