పింగాణీ రెక్కలకు వణుకు వైద్యం

దేవుడు తెలివిని ఊరందరికీ పంచుదామని బయలుదేరి, బరువు మొయ్యలేక మూటంతా తన ఇంట్లోనే దించేసి వెళ్ళాడని గవరయ్య నమ్మకం. నమ్మకం ఊరికే రాలేదు. వానాకాలం ఇల్లు కారితే లోకమంతా గిన్నెలు పెడుతుంది. గవరయ్య ఇంట్లో కారే చోట వంతులవారీగా మనుషులే కూర్చునేవారు. "గిన్నె తడిస్తే తుడవాలి. మనిషి తడిస్తే వాడే ఆరతాడు" అనేది భార్య పైడమ్మ. తమ్ముడు సన్యాసి అయితే పెళ్ళే మానుకున్నాడు, కొత్త మనిషి వస్తే ఇంటి తెలివి పలచబడిపోతుందని.

ఈ ముగ్గురికీ గెడ్డ వాగు ఒడ్డున పెంకుల బట్టీ ఉంది. పెంకులకు మట్టి కావాలి, మట్టిని తొక్కాలి. ఆ తొక్కుడంతా గవరయ్యదే. తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. అందుకే పట్నం నుంచి వసుంధర అనే ఇంజనీరమ్మ వచ్చి, బట్టీలోంచి వృథాగా పోయే వేడిగాలితో చక్రం తిప్పి, ఆ చక్రంతో మట్టి పిసికే మర నడిపిస్తానంటే ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందు చక్రానికి ఇనప రెక్కలు పెడితే వేడికి వాలిపోయాయి. ఆ తర్వాత మట్టిలో రాయి కరిగించి తీసిన దారం పొరలు పొరలుగా పేర్చి కాల్చిన పింగాణీ రెక్కలు ఎనిమిది తెచ్చి బిగించింది. అవి నిప్పుకు లొంగవు. తిరిగితే మాత్రం గజగజ వణుకుతాయి.

"వణికితే పింగాణీ పగిలిపోతుంది గవరయ్య గారూ" అంది వసుంధర. "మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. రెక్కల మొదళ్ళలో, బిగించే చోట, మెత్తటిది పెట్టండి. వణుకును అది మింగేస్తుంది. చక్రం వేగం అందుకునేటప్పుడు మధ్యలో ఒకచోట గుయ్యిమని పాడుతుంది. అక్కడ ఆగకండి, గబగబా దాటేయండి. ఇక మూడోది, ఏ రెక్కనూ ఒంటరిగా వదలకండి. పక్కదానితో కలిపి తీగ కట్టండి. గురువారం వస్తాను. అప్పటికీ వణుకు తగ్గకపోతే చక్రం విప్పి కొండవతల బట్టీకి ఇచ్చేస్తాను. వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

చక్రం పోతే మళ్ళీ తొక్కుడే. ఆ మాట గవరయ్య చెవులకన్నా ముందు మోకాళ్ళకు వినపడింది.

"మూడే కదమ్మా! మాకు నాలుగోది కూడా తెలిసిపోయింది. నిశ్చింతగా వెళ్ళిరండి" అన్నాడు.

ఆవిడ జీపు మలుపు తిరిగిందో లేదో ఇంట్లో సభ మొదలైంది.

"మెత్తటిదంటే ఏటి?" అన్నాడు గవరయ్య.

"దూది" అన్నాడు సన్యాసి.

"బట్టీ కాడ దూదేట్రా, నీ బుర్ర కాలిపోనూ! భగ్గుమంటాది."

గోడ పక్కన తెల్లటి చుట్ట ఒకటి ఉంది. నిప్పుకు కాలని రాతి ఊలు అది. వసుంధర ఆ పనికోసమే తెచ్చి అక్కడ పెట్టింది. సన్యాసి దాన్ని వేలితో నొక్కి చూశాడు.

"అన్నా, ఇది మెత్తగా ఉంది."

"చెయ్యి తియ్యి! పాపం, ఆయమ్మ మరిచిపోయి ఎల్లిపోనాది. పరాయి సొత్తు మనకొద్దు. పెట్టెలో ఎట్టి తాళం ఎయ్యి."

అంతే, ఊలు పెట్టెలోకి పోయింది.

అప్పుడు పైడమ్మ గొంతు సవరించుకుంది. "ఇడ్లీ ఎట్టండి."

"కాలిపోదూ?"

"ఒకసారి ఉడికిపోనాది కదా, మళ్ళీ ఎందుకు కాల్తాది?"

గవరయ్య పొంగిపోయాడు. ఇలాంటి ఇల్లాలు కొండవతల బట్టీ వాడికి ఉందా? రెక్కకో ఇడ్లీ చొప్పున కూరి బిగించారు.

"చట్నీ వద్దా వదినా?" అన్నాడు సన్యాసి.

"మింగేది ఇడ్లీ, అది మింగాల్సింది వణుకుని. చట్నీ ఇడ్లీకెందుకు మరిదీ? వణుక్కి రాయాల."

ఇంకేముంది, ఎనిమిది రెక్కలకీ చట్నీ పూసి, బట్టీలో కట్టెలు ఎగదోశారు. వేడిగాలి తగిలి చక్రం కదిలింది. చట్నీ కాస్తా ముగ్గురి ముఖాల మీదికి వచ్చింది. ఇడ్లీలు ముక్కలై ఎగిరాయి. ఎక్కడి కాకులన్నీ అక్కడ దిగాయి. మింగడం మాత్రం జరిగింది, కాకపోతే కాకులు మింగాయి. మొదళ్ళు వదులైపోయి రెక్కలు ఇదివరకటి కంటే ఎక్కువగా ఊగాయి. అంతలో "గుయ్యి" మని పాట మొదలైంది.

"పాడతాంది! ఆగకండి, దాటేయండి!" అని గవరయ్య కేక పెట్టాడు.

అంతే, పైడమ్మ చీర ఎగదోపింది. నడవలేని అన్నను సన్యాసి వీపున వేసుకున్నాడు. ముగ్గురూ పరుగో పరుగున గెడ్డ దాటేశారు. అవతలి ఒడ్డున నిలబడి చెవులు రిక్కించారు.

"ఇంకా పాడతాందే!"

"అయితే సరిగ్గా దాటలేదన్నమాట" అన్నాడు వీపు మీది గవరయ్య.

జీడితోట దాటారు. పాట సన్నగా వినపడుతూనే ఉంది. కొండ దాటారు. అప్పుడు ఆగింది.

"తగ్గిపోనాది! వణుకు దిగిపోనాది!" అని ముగ్గురూ చంకలు గుద్దుకున్నారు. వాళ్ళు ఆగింది సరిగ్గా కొండవతల బట్టీ ముందు. ఆ బట్టీ వాడు తెల్లబోయి చూశాడు.

"ఏటి గవరయ్యా, ముఖం నిండా చట్నీ ఏటి?"

"చక్రం బాగు చేస్తన్నాం" అన్నాడు గవరయ్య, సన్యాసి వీపు మీద నిటారుగా కూర్చుని. "నీకు చెప్పినా అర్థం కాదులే."

తిరిగి వచ్చేసరికి బట్టీలో నిప్పులే మిగిలాయి. చక్రం కింద ఒక రెక్క ముక్కలై పడి ఉంది.  గవరయ్య అరిచెయ్యి మోకాళ్ళ మీదికి దానంతటదే పోయింది. అయినా తెలివిగలవాడు దిగులుకు లొంగుతాడా? తీగ తీసి రెండేసి రెక్కలు కలిపి కట్టించాడు. చివరికి ఒకటి మిగిలిపోయింది.

"పాపం, జతగాడు పోయాడు. ఒంటరిగా వదలొద్దంది ఆయమ్మ" అన్నాడు.

ఇద్దరూ సన్యాసి వైపు చూశారు. ఇంట్లో ఒంటరివాడు అతనొక్కడే. ఇంకేముంది, సన్యాసిని విరిగిన రెక్క ఖాళీలో నిలబెట్టి తీగతో కట్టేశారు. నిప్పుల వేడికి చక్రం మెల్లగా కదిలింది. సన్యాసి పైకి వెళ్ళాడు, తలకిందులయ్యాడు, కిందికి వచ్చాడు.

"ఎలాగుందిరా?"

"రెక్క బాగానే ఉందన్నా! నాను వణుకుతన్నాను!"

"అయితే నిన్నూ ఒంటరిగా వదలకూడదు" అని గవరయ్య సన్యాసిని పక్కనున్న స్తంభానికి కూడా కట్టేశాడు. అంతే, చక్రం కిక్కురుమనకుండా ఆగిపోయింది. పైడమ్మ ఒక్కో రెక్క మీదా చెయ్యి వేసి చూసింది. వణుకన్నది లేదు. వెంటనే ఉప్పూ మిరపకాయలూ తెచ్చి చక్రానికి దిష్టి తీసింది.

గురువారం పొద్దున ఆవిడకే ఇంకో ఆలోచన వచ్చింది. "మావా, ఇంజనీరమ్మ వచ్చేసరికి పిసికిన మట్టి కూడా ఉండాల కదా. లేకపోతే చక్రం పని చెయ్యలేదనుకుంటాది."

నిజమే కదా! గవరయ్య పంచె ఎగ్గట్టి మట్టిగుంటలో దిగాడు. మర పేరు నిలబెట్టాలి కనక రోజూ తొక్కేదానికి రెట్టింపు తొక్కాడు. మోకాళ్ళు కుయ్యో మొర్రో అంటున్నా ఆగలేదు.

వసుంధర వచ్చింది. స్తంభానికి ఒక మనిషి, ఆ మనిషికి ఒక చక్రం, మట్టిగుంటలో చెమటలు కక్కుతూ గవరయ్య.

"ఇదేమిటండీ?"

"చెయ్యేసి చూడండమ్మా. వణుకు ఎక్కడన్నా ఉందా?"

"అసలు తిరగడమే లేదు కదా!"

"తిరగాలని మీరు చెప్పలేదు. మీరు చెప్పినవి మూడే."

వసుంధర నెత్తి పట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "గవరయ్య గారూ, ఈ చక్రం పెట్టింది మీ మోకాళ్ళ కోసం. చూసుకోండి, అవి ఎంత వణుకుతున్నాయో."

గవరయ్య వంగి చూసుకున్నాడు. గజగజలాడుతున్నాయి. రెక్కలు కూడా ఎన్నడూ అంతగా వణకలేదు. చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుంటే పైడమ్మ ఊపిరి బిగపట్టింది.

"రెక్కలు మట్టివే కదే?"

"మట్టివే మావా."

"మనిషీ మట్టిబొమ్మే అంటారు పెద్దలు."

"అంటారు."

"రెక్కల్ని కాల్చారు. ఈ కాళ్ళని మా అమ్మ పచ్చిగానే వదిలేసింది. తప్పు ఎక్కడుందో దొరికిపోనాదే!"

వసుంధరకు సంగతి బోధపడేలోగా గవరయ్య గుంటలోంచి దేక్కుంటూ వెళ్ళి, నులివెచ్చగా చల్లారిన బట్టీ ముందు కూర్చుని, కాళ్ళు రెండూ మోకాళ్ళ దాకా లోపలికి తోశాడు.

"లేవండి! ఏం పని ఇది!" అని ఆవిడ పరుగెత్తి భుజాలు పట్టుకుని లాగింది.

"కంగారు పడకండమ్మా. పచ్చి మట్టికి ఒకేసారి మంట తగిలితే పగుల్తాదని నాకు తెలీదా? నిదానంగానే కాలుస్తాను" అన్నాడు గవరయ్య చల్లగా. "చక్రాన్ని కొండవతల వాళ్ళకి ఇచ్చేయండి. కాళ్ళు కాలాక నాకు దానితో పనేటుంది?"

కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని పైడమ్మ వచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఒక పక్కే కాల్తే వంకరపోతాయి మావా. బోర్లా తిరుగు."

అంతే, గవరయ్య బోర్లా తిరిగాడు.