లాలమ్మ కాచిన నీళ్ళు

అనగనగా ఒక కోట, కోట కింద దూదేకుల వీధి. ఆ వీధిలో లాలమ్మని ఒకావిడ. మొగుడు పోయాడు, మిగిలింది ఒక్కగానొక్క కొడుకు మౌలాలి. ఊ కొట్టండర్రా, గోడతో చెప్పుకుంటున్నానా నేను!

సుల్తానుకీ పక్క రాజుకీ పొలిమేర పల్లెల కోసం తగువు. పల్లెల కోసమంటే చావడానికి ఎవడెళ్తాడు? అందుకని ఇది జిహాదు అని సుల్తాను నగారా కొట్టించాడు. రాజు మాత్రం తక్కువ తిన్నాడా, మాదీ ధర్మయుద్ధమేనని శంఖం ఊదించాడు. మౌలాలి దూదేకే విల్లు గోడకి తగిలించి, బల్లెం పట్టుకుని సుల్తాను దండులోకి వెళ్ళాడు.

ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఆఖరికి ఎలా ఆగిందనుకున్నారు? వాన లేక గడ్డి ఎండింది, గడ్డి ఎండితే గుర్రం పడింది, గుర్రం పడితే రౌతు దిగాడు, రౌతు దిగితే సుల్తాను మెత్తబడ్డాడు. సుల్తానూ రాజూ ఒకే డేరాలో కూర్చుని, ఒకే పళ్ళెంలో ఖర్జూరాలు తిని రాజీపడ్డారు. దేవుడి పేరు చెప్పి మొదలెట్టారు, గడ్డి లేక మానేశారు. అంతేనమ్మా!

ఆ కబురు పొలిమేరకి చేరేలోపే మౌలాలి గుండెల్లో బాణం దిగింది. మర్నాడు బండిలో తెచ్చారు. అయ్యో, ఆ తల్లి ఏడుపు ఏమని చెప్పను!

యుద్ధంలో పోయినవాణ్ణి షహీదంటారు. వాడికి స్నానం ఉండదు, శవానికి చుట్టే కొత్త కఫన్ బట్ట ఉండదు, ఆ నెత్తుటి బట్టలతోనే మట్టి చేస్తారు. అదో పెద్ద మర్యాద. నీ కొడుకు షహీదయ్యాడు లాలమ్మా, ఏడవకూడదని వీధంతా చెప్పింది.

లాలమ్మ వెళ్ళి ఖాజీగారి గుమ్మంలో కూర్చుంది.

"రాజీ అయింది నిన్న పొద్దున. నా కొడుకు పోయింది సాయంత్రం. లేని యుద్ధంలో ఎలా పోతాడు ఖాజీగారూ? నాకా మర్యాద వద్దు. నా బిడ్డకి స్నానం చేయించండి."

షహీదంటే రాజీ అబద్ధమవుతుంది, కాదంటే ఊరు తిడుతుంది.  పాపం, ఖాజీగారు కళ్ళు తుడుచుకుని, యుద్ధం అయిపోయిందమ్మా, వెళ్ళి నీళ్ళు కాచు అన్నాడు.

ఇప్పుడు మీ ఫోనుల్లో అటొకడూ ఇటొకడూ ఆ యుద్ధం ఇంకా అవలేదని అరుస్తుంటారే, వాళ్ళ మాట చెవిన పెట్టకండి. అది ఎప్పుడో అయిపోయింది నాయనా.

కడిగేది మగవాళ్ళే, తల్లి చెయ్యకూడదు. లాలమ్మ కాగు నిండా నీళ్ళు కాచింది. కడగబోయే మరిదికి అందించే ముందు, పసిబిడ్డకి చూసినట్టు మోచెయ్యి ముంచి చూసింది. ఇంకో చెంబుడు చన్నీళ్ళు కలిపి, వేడి తగలనీకు నాయనా, మెల్లిగా పొయ్యి అంది.

కథ కంచి దారి పట్టింది. దగ్గరికి జరగండమ్మా, పడుకుందాం.